టార్క్ రెంచ్ క్లిక్‌మన్నా హెడ్ గాస్కెట్ ఎందుకు పోయింది?

ప్రశ్న: చెన్నై మాధవరంలో మాకు చిన్న గ్యారేజీ ఉంది. నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి మొదలుపెట్టారు, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. రెండు నెలల క్రితం ఒక చిన్న సరుకుల బండి ఇంజను బాగా వేడెక్కి మా దగ్గరకు వచ్చింది. నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజను, అల్యూమినియం హెడ్, పది హెడ్ బోల్టులు. హెడ్ తీసి వాల్వులు చూసి, కొత్త రేకుల గాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య సందును మూసే పలచని రేకుల పొర) వేసి బిగించాం. పాత బోల్టులు చూడడానికి బాగానే ఉన్నాయని డీజిల్‌లో కడిగి, గుడ్డతో తుడిచి వాడాం. మాన్యువల్‌లో మరలకు నూనె రాసి, మొదట 35, తర్వాత 60 న్యూటన్ మీటర్లు బిగించి, ఆపైన రెండుసార్లు 90 డిగ్రీల చొప్పున తిప్పమని ఉంది. ఆ డిగ్రీల సంగతి మాకు తెలియక, వేరే బండి లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తో (పెట్టిన అంకెకు చేరగానే క్లిక్‌మనే పానాతో) 110 న్యూటన్ మీటర్లకు క్లిక్ వచ్చేదాకా అన్నీ బిగించాం. రెండు బోల్టులు బిగిసేటప్పుడు కిర్రుమన్నాయి. మూడు వారాలకు మూడో సిలిండరుకూ నాలుగో సిలిండరుకూ మధ్య గాస్కెట్ కాలిపోయింది. నాన్నగారి కాలం నుంచి ఉన్న మేస్త్రి, "నా చేత్తో బిగించిన హెడ్ ముప్ఫై ఏళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదు, మీ రెంచ్ ఏం చేసింది?" అంటున్నారు. తమ్ముడు రెంచే పాడైందంటున్నాడు. తప్పు ఎక్కడ జరిగింది? పాత బోల్టులు మళ్లీ వాడవచ్చా? 500 కిలోమీటర్లు నడిచాక హెడ్ మళ్లీ బిగించాలా?

— ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: మీ ఉత్తరంలో పనిని మొదటి నుంచి చివరి దాకా దాచకుండా రాశారు కాబట్టి, తప్పు ఎక్కడుందో వెతకడానికి నేను ఇంజను చూడవలసిన అవసరం పెద్దగా లేదు. మీ రెంచ్ బహుశా సరిగ్గానే పనిచేసింది. బోల్టు తలను ఎంత బలంతో తిప్పారన్నదే అది చెబుతుంది, మీకు ఆ సంగతి చెప్పింది కూడా. కానీ హెడ్‌ను బ్లాకుకు అదిమి పట్టేది ఆ తిప్పే బలం కాదు, బోల్టు సాగడం వల్ల దానిలో పుట్టే లాగుడు బలం. ఈ రెండింటికీ మధ్య ఉన్న లెక్క బోల్టు శుభ్రం మీదా, నూనె మీదా, మరల స్థితి మీదా ఆధారపడుతుంది. మీరు ఆ మూడింటినీ వదిలేసి అంకె ఒక్కటి పట్టుకున్నారు, పైగా ఆ అంకె కూడా ఈ ఇంజనుది కాదు.

హెడ్ బోల్టును గట్టి ఇనుప కడ్డీగా కాకుండా, చాలా బిగువైన స్ప్రింగుగా ఊహించుకోండి. బిగించినప్పుడు అది సాగుతుంది, సాగినది తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ ముడుచుకునే ప్రయత్నమే హెడ్‌నూ గాస్కెట్‌నూ బ్లాకునూ కలిపి పట్టుకుంటుంది. సుమారు 150 మి.మీ. పొడవున్న 10.9 తరగతి (బోల్టు బలాన్ని చెప్పే అంకె) బోల్టు, తన శక్తి అంచు దాకా బిగిస్తే, దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. ఆ అర మిల్లీమీటరే మీ గాస్కెట్‌కు ప్రాణం. లోపల ఏం జరుగుతోందో కూడా ఒకసారి లెక్కవేయండి. బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 90 మి.మీ. అనుకుంటే దాని వైశాల్యం 63.6 చదరపు సెంటీమీటర్లు, డీజిల్ మండినప్పుడు పీడనం 100 బార్ అనుకున్నా హెడ్‌ను పైకి తోసే బలం ఆరున్నర టన్నులు. టర్బో ఇంజన్లలో పీడనం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇంజను నిమిషానికి 2,400 చక్కర్ల మీద నడుస్తుంటే ఈ తోపు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు ఇరవైసార్లు వస్తుంది. బోల్టు పట్టు దీనికన్నా బాగా ఎక్కువగా ఉన్నంతకాలం గాస్కెట్ కదలదు. ఏ ఒక్క బోల్టు పట్టు తగ్గినా, దాని పక్కన హెడ్ ప్రతి మంటకూ వెంట్రుకవాసి లేచి కూర్చుంటుంది, ఆ సందులోంచి వేడి వాయువు దూరి గాస్కెట్‌ను కొద్దికొద్దిగా కోస్తుంది. మీ బండిలో మూడు వారాల పాటు జరిగింది ఇదే.

ఇప్పుడు కిర్రుమన్న ఆ రెండు బోల్టుల దగ్గరకు వద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు అన్నింటికన్నా పనికొచ్చిన వాక్యం అదే. బోల్టును తిప్పడానికి మనం పెట్టే శ్రమలో సుమారు సగం తల కింద రాపిడికి పోతుంది, ఇంకో నలభై శాతం మరల రాపిడికి పోతుంది, మిగిలిన పదో వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. రాపిడి కొంచెం పెరిగినా, ఆ పదో వంతు నుంచే కోత పడుతుంది. 12 మి.మీ. బోల్టును 110 న్యూటన్ మీటర్లకు బిగించామనుకుందాం. మరలూ తల కిందా నూనె తడి బాగా ఉంటే పట్టు సుమారు 6.2 టన్నులు వస్తుంది. మామూలుగా పొడిగా ఉంటే 4.7 టన్నుల దగ్గర ఆగుతుంది. తుప్పూ మట్టీ పట్టి గరుకెక్కితే 3.1 టన్నులే రావచ్చు. రెంచ్ మూడుసార్లూ ఒకే విధంగా క్లిక్‌మంటుంది. కిర్రుమన్న చప్పుడుకు అర్థం, ఆ బోల్టు నున్నగా తిరగకుండా పట్టుకుంటూ వదులుతూ గెంతిందని. మీ శ్రమ రాపిడికే పోయిందని అది స్వయంగా చెప్పింది. ఆ రెండూ మూడు, నాలుగు సిలిండర్ల నడిమి బోల్టులే అయి ఉంటాయని నా అనుమానం. పాత బోల్టులు పారేయకుండా ఉంచి ఉంటే, ఏది ఏ రంధ్రంలోదో గుర్తుంటే, మరలను వేలుగోరుతో గీసి చూడండి, తేడా తగులుతుంది.

రాపిడి మీద ఇంత ఆధారపడడం మంచిది కాదనే, ఈ తరహా ఇంజన్లకు తయారీదారులు డిగ్రీల పద్ధతి పెట్టారు. మొదట కొద్దిపాటి టార్క్‌తో బిగించడం ఎందుకంటే, హెడ్, గాస్కెట్, వాషర్లు అన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడానికి. అక్కడినుంచి బలం సంగతి వదిలేసి, కోణం లెక్క మీద తిప్పుతారు. మర పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) 1.5 మి.మీ. అయితే, 90 డిగ్రీలు తిప్పితే బోల్టు సరిగ్గా 0.375 మి.మీ. కిందికి దిగుతుంది. రెండుసార్లకు 0.75 మి.మీ. అందులో కొంత గాస్కెట్, హెడ్ నలగడానికి పోతుంది, మిగతాది బోల్టు సాగడమే. మర మీద నూనె ఉన్నా లేకపోయినా పిచ్ మారదు కాబట్టి, సాగుడు పది బోల్టులకూ దాదాపు ఒకేలా వస్తుంది. అలాగని నూనె వద్దని కాదు, మొదటి 35, 60 అంకెలు నూనె ఉన్న మర మీదే నిజం. డిగ్రీలను టార్క్‌లోకి మార్చే సూత్రం ఏదీ లేదు, వేరే బండి అంకెను తెచ్చి దీనికి పెట్టడం, ఒకరి కళ్లద్దాలు ఇంకొకరు పెట్టుకున్నట్టే.

డిగ్రీల పద్ధతి ఉన్న చాలా ఇంజన్లలో బోల్టును కావాలనే సాగుడు అంచు దాకా, కొన్నింటిలో ఆ అంచు దాటించి తీసుకెళతారు. అలా ఒకసారి సాగిన బోల్టు పూర్తిగా పాత పొడవుకు రాదు. దాన్ని మళ్లీ వాడితే, రెండోసారి సాగే శక్తి తక్కువ ఉంటుంది, నడుము దగ్గర సన్నబడి తెగిపోయే ప్రమాదమూ ఉంటుంది. కాబట్టి మీ రెండో ప్రశ్నకు సమాధానం ఇది: మాన్యువల్ పాత బోల్టుకు గరిష్ఠ పొడవు ఇచ్చి, మళ్లీ వాడవచ్చని చెబితే, ఒక్కొక్క బోల్టునూ వెర్నియర్‌తో కొలిచి, ఆ పొడవు దాటనివి మాత్రమే వాడండి. పొడవు ఇవ్వకపోయినా, ఒకసారికే వాడాలని చెప్పినా, పదీ కొత్తవి కొనండి. పది బోల్టుల ఖర్చు, మీరు ఇప్పటికే రెండోసారి చేస్తున్న పని కూలి పక్కన ఏపాటిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

బోల్టులు కొనేచోటు గురించి కూడా ఒక మాట. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో స్పేరు పార్టుల దుకాణాలలో మీ ఇంజను పార్టు నంబరు చెప్పి అడిగితే దొరుకుతాయి. పుదుపేటలో పాత ఇంజన్ల నుంచి తీసిన బోల్టులు కూడా దొరుకుతాయి, చూడడానికి కొత్తవాటికన్నా మెరుస్తూ కూడా ఉండవచ్చు, కానీ వాటి సాగుడు చరిత్ర మనకు తెలియదు కనుక హెడ్‌కు మాత్రం వద్దు. హార్డ్‌వేరు కొట్టులో అదే కొలతకు దొరికే బోల్టు అసలే వద్దు. తల మీద 10.9 అని ఉంటే, దాని తెగే బలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 1,000 న్యూటన్లు, అందులో తొంభై శాతం దగ్గర సాగి నిలిచిపోవడం మొదలవుతుందని అర్థం. 8.8 అయితే 800, ఎనభై శాతం. కొట్టులో బోల్టు 10.9 ముద్రతోనే ఉన్నా, నడుము సన్నం, తల కింది వంపు, మర పొడవు మీ ఇంజను బోల్టుతో కలవవు.

ఇక బ్లాకులోని రంధ్రాలు. మీ ఉత్తరంలో వీటి ప్రస్తావనే లేదు, నాకు ఆందోళన కలిగించింది కూడా అదే. నేను కుర్రతనంలో పనిచేసిన ఒక షెడ్డులో ఒకరోజు బ్లాకు కడిగి, అడుగు మూసి ఉన్న బోల్టు రంధ్రాలలో నూనె నిలిచిన సంగతి చూడకుండా హెడ్ ఎక్కించాను. ఆరో బోల్టు బిగిస్తుండగా చెయ్యి ఒక్కసారి గట్టిపడింది. బిగిసిందనుకుని ఇంకో పావు చుట్టు లాగాను. టక్కుమని సన్నటి చప్పుడు వచ్చింది. బోల్టు కింద చిక్కుకున్న నూనెకు పోయే దారి లేక, నూనె నలగదు కనుక, బోల్టు దిగేకొద్దీ అది జాకీలా పనిచేసి రంధ్రం గోడను నీళ్ల గది దాకా చీల్చింది. ఆ బ్లాకు పనికిరాకుండా పోయింది. ఆ తర్వాత ఈ రోజు దాకా, గుడ్డ చుట్టిన తీగను ప్రతి రంధ్రం అడుగు దాకా దింపి, పొడిగా బయటికి వస్తేనే ముందుకు వెళ్లే అలవాటు నాకు పోలేదు.

శుభ్రం చేసే తీరు ఇది. సన్నని సీసా బ్రష్షుతో మరలు తోమి, బ్రేక్ క్లీనర్ కొట్టి, కంప్రెసర్ గాలిని సన్నని గొట్టంతో అడుగు నుంచి పైకి ఊదండి. కళ్లకు అద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయవద్దు, రంధ్రంలోని చెత్త అంతా నేరుగా ముఖం మీదికే వస్తుంది. మరలలో కరుడు పట్టి ఉంటే, పదునైన ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) పెట్టి తిప్పే అలవాటు మన దగ్గర బాగా ఉంది, కానీ ట్యాప్ కరుడుతో పాటు ఇనుమును కూడా కోసి, మరను వదులు చేస్తుంది. దానికి బదులు పాత హెడ్ బోల్టు ఒకటి తీసుకుని, సన్నని కటింగ్ డిస్క్‌తో మరల మీదుగా పొడవునా మూడు గాట్లు పెట్టండి. గాట్ల అంచులు ఆకురాయితో నునుపు చేసి, చేత్తోనే రంధ్రంలోకి తిప్పి తీస్తూ ఉంటే, కరుడంతా ఆ గాట్లలోకి వస్తుంది, మర మాత్రం చెడదు. నా పనిముట్ల పెట్టెలో ఇలాంటివి ఐదారు కొలతలలో ఉన్నాయి, కొన్నవేవీ ఇంతగా పనికి రాలేదు. చెన్నైలో ఇంకొకటి కూడా చూసుకోవాలి. సముద్రపు గాలికి, ఈ చెమ్మకు, సాయంత్రం తళతళలాడేలా కడిగి వదిలేసిన ఇనుప బ్లాకు మీద తెల్లారేసరికి ఎర్రటి పొడి లేస్తుంది. మీరు కడిగిన రోజే బిగించలేకపోతే, పైముఖానికి పలచగా నూనె రాసి, రంధ్రాలకు గుడ్డ ఉండలు పెట్టి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఉంచండి. బిగించే రోజు ఆ నూనెను మళ్లీ పూర్తిగా తుడవాలి.

కొన్ని ఇంజన్లలో ఒకటో రెండో బోల్టు రంధ్రాలు అడుగున నీళ్ల గదిలోకి తెరిచి ఉంటాయి. మాన్యువల్‌లో అలా ఉంటే, ఆ బోల్టుల మరలకు నూనె బదులు అందులో చెప్పిన సీలెంట్ వేయాలి, లేకపోతే కూలెంట్ మరల వెంట పైకి పాకుతుంది.

హెడ్ బాగా వేడెక్కిందన్నారు కాబట్టి, హెడ్, బ్లాకు కలిసే ముఖాల సంగతి చూడకుండా బోల్టుల మాట ఎంత మాట్లాడినా ప్రయోజనం లేదు. నాణ్యమైన స్ట్రెయిట్ ఎడ్జ్‌ను (వంకర లేని ఉక్కు బద్దను) హెడ్ ముఖం మీద పొడవునా, అడ్డంగా, రెండు మూలల నుంచీ ఏటవాలుగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని ఆకుల పనిముట్టు) దూర్చి చూడండి. మాన్యువల్ హద్దే చివరి మాట, అది చేతిలో లేనప్పుడు 0.05 మి.మీ. ఆకు ఎక్కడైనా సులువుగా దూరితే అనుమానించండి. బ్లాకు ముఖాన్ని కూడా ఇలాగే చూడాలి, చాలామంది హెడ్‌ను లేత్ షాపుకు పంపి బ్లాకును మర్చిపోతారు. అతిగా వేడెక్కిన అల్యూమినియం వంగడమే కాదు, మెత్తబడుతుంది కూడా. మెత్తబడిన హెడ్ మీద బోల్టు వాషరు కొద్దికొద్దిగా కూరుకుపోతుంది, కూరుకున్నంత మేరా పట్టు పోతుంది. హెడ్ మీద వాషరు కూర్చునే చోట గుంట పడిందేమో చూసి, మెషిన్ షాపులో హార్డ్‌నెస్ పరీక్షా, పగుళ్ల కోసం పీడన పరీక్షా చేయించండి.

ముఖం గీయించవలసి వస్తే, డీజిల్ హెడ్‌కు అదెంత వరకు చేయవచ్చో మాన్యువల్‌లో చూసిన తర్వాతే ఒప్పుకోండి. కొన్నింటికి అసలు గీయకూడదనే ఉంటుంది. డీజిల్ ఇంజనులో పిస్టన్ పైకి వచ్చినప్పుడు వాల్వుకు దానికి మధ్య సందు చాలా తక్కువ, హెడ్ నుంచి గీసిన ప్రతి దశాంశమూ ఆ సందులోంచే పోతుంది. గాస్కెట్ మందం కూడా ఇందుకే రెండు మూడు రకాలలో వస్తుంది. డయల్ గేజ్ పెట్టి, పిస్టన్లు బ్లాకు ముఖం మీదికి ఎంత లేస్తున్నాయో నాలుగూ కొలిచి, ఎక్కువ లేచినదాన్ని బట్టి మందం ఎంచుకోవాలి. గాస్కెట్ అంచున ఉండే గాట్లో రంధ్రాలో ఆ మందాన్ని చెబుతాయి. మీరు మొదటిసారి పాతదాని గాట్లతో కొత్తదాని గాట్లు పోల్చి చూశారా? ముఖాలు శుభ్రం చేయడానికి గ్రైండరుకు ఎమ్రీ చక్రం తగిలించవద్దు. దాని పొడి నూనె దారుల్లో దిగి బేరింగులను తింటుంది, రేకుల గాస్కెట్ ఆ గీతలను పూడ్చలేదు. పైన సిల్వర్ పెయింటో పేస్టో రాసే అలవాటు కూడా ఈ రేకుల గాస్కెట్‌కు వద్దు, తయారీదారు చెబితే తప్ప అది పొడిగానే కూర్చోవాలి.

ఇప్పుడు బిగింపు. కొత్త బోల్టు మరలకూ, తల కింద వాషరును తాకే ముఖానికీ ఇంజను నూనె రాయండి. తల కింద రాయడం చాలామంది మర్చిపోతారు, రాపిడిలో పెద్ద భాగం అక్కడే ఉందని పైన చూశాం కదా. నూనెలో ముంచి తీసి నేరుగా దింపకండి, ఒకసారి వేలాడదీసి కారనివ్వండి, రంధ్రం అడుగున నూనె చేరితే నా కుర్రతనపు బ్లాకు గతే పడుతుంది. మాలిబ్డినం గ్రీజు ఇంకా నున్నగా ఉంటుంది కదా, అది రాద్దామనే ఆలోచన కూడా వద్దు. మాన్యువల్ అంకె నూనెకు ఇచ్చింది, దానికన్నా జారుడు వస్తువు రాస్తే అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది. కొత్త బోల్టుల మీద తయారీదారు పూసిన పూత ఉండి, నూనె వద్దని ఉంటే, అలాగే వదిలేయండి. వాషరుకు ఒక వైపు లోపలి అంచు ఏటవాలుగా గీసి ఉంటే, ఆ వైపు బోల్టు తల దిక్కున ఉండాలి, బోల్టు తల కింది వంపు అందులో కూర్చుంటుంది.

పది బోల్టులనూ మొదట చేత్తోనే కూర్చోబెట్టండి. వేళ్లతో దిగని బోల్టును పానాతో దింపవద్దు, తీసి రంధ్రం మళ్లీ చూడండి. క్రమం మాన్యువల్ బొమ్మలో ఉంటుంది. సాధారణంగా నడుమనున్న జంటతో మొదలై, ఒకసారి ఇటు జంట, ఒకసారి అటు జంటగా చివర్లకు వెళుతుంది. చాప పరిచేటప్పుడు మధ్యలో చెయ్యి పెట్టి అంచులకు సవరించినట్టు, గాస్కెట్‌లోని ఒత్తిడి కూడా నడుమ నుంచి బయటికి జరగాలి. చివర్లు ముందు బిగిస్తే నడుమ ఉబ్బు ఇరుక్కుపోతుంది. పదింటికీ 35 పూర్తయ్యాకే 60 మొదలుపెట్టాలి, ఒక బోల్టును ఒకేసారి పూర్తి చేయకూడదు. ఆ అంకె న్యూటన్ మీటర్లలోనా, కిలోగ్రామ్-మీటర్లలోనా, అడుగు పౌండ్లలోనా అన్నది రెండుసార్లు చూడండి. ఒక కిలోగ్రామ్-మీటరు 9.81 న్యూటన్ మీటర్లు, ఒక అడుగు పౌండు 1.356 న్యూటన్ మీటర్లు. మీ ఇంజను 60 న్యూటన్ మీటర్లను అడుగు పౌండ్ల రెంచ్ మీద 60గా పెడితే, అసలు 81 పడుతుంది.

రెంచ్‌ను పిడి మధ్యలో ఒక చేత్తో పట్టి, ఇంకో చెయ్యి సాకెట్ మీద ఆనించి, నెమ్మదిగా ఒకే ఊపులో క్లిక్ దాకా లాగండి. క్లిక్ వచ్చేటప్పుడు బోల్టు తిరుగుతూ ఉండాలి. సగంలో ఆపి మళ్లీ లాగితే, ఆగి ఉన్న బోల్టును కదిలించడానికి ఎక్కువ బలం కావాలి కనుక, బోల్టు కదలకుండానే క్లిక్ వినిపిస్తుంది. అలా ఆగిపోతే ఆ బోల్టును కొంచెం వదులు చేసి మళ్లీ ఒకే లాగుడులో రండి. డిగ్రీల దశకు ముందు, ప్రతి బోల్టు తల మీద ఒకే దిక్కున తెల్ల రంగు చుక్క పెట్టండి, దాని ఎదురుగా హెడ్ మీద కూడా ఒక చుక్క పెట్టండి. పొడవైన పిడితో, క్రమం తప్పకుండా, ఒక్కొక్కటి 90 డిగ్రీలు తిప్పండి. ఒక వరస పూర్తయ్యేసరికి బోల్టుల మీది చుక్కలన్నీ ఒకే వైపు చూస్తుంటే, రెండో వరసకు అన్నీ ఒకేలా వెళతాయి. యాంగిల్ గేజ్ ఉంటే మంచిదే, లేకపోయినా ఈ చుక్కలు చాలు. తమ్ముడు తిప్పుతుంటే మీరు ఎదురుగా నిలబడి చుక్క చూడండి. ఈ దశలో మేస్త్రి గారి చేతిని పక్కన పెట్టకండి. తొమ్మిది బోల్టులు ఒకేలా గట్టిపడుతూ వచ్చి, పదోది సగంలో తేలికైపోతే, లేదా మళ్లీ కిర్రుమంటే, రెంచ్ కన్నా ముందు పసిగట్టేది అలవాటైన చెయ్యే. ఆ బోల్టును అక్కడే ఆపి, తీసి, కొత్తది పెట్టాలి.

మేస్త్రి గారి ముప్ఫై ఏళ్ల మాటను నేను కొట్టిపారేయను. ఇనుప హెడ్, ఇనుప బ్లాకు, మందపాటి మెత్తని గాస్కెట్, సాగుడు అంచుకు చాలా దూరంగా పనిచేసే లావు బోల్టులు ఉన్న పాత ఇంజన్లలో, అనుభవం ఉన్న చేతి తేడాలను గాస్కెట్ నలిగి సర్దుకునేది. మీ ఇంజనులో హెడ్ అల్యూమినియంది. అది ప్రతి డిగ్రీకీ ఉక్కు బోల్టు కన్నా దాదాపు రెట్టింపు పెరుగుతుంది. 100 మి.మీ. మందం, 80 డిగ్రీల వేడి పెరుగుదల అనుకుంటే, హెడ్ బోల్టు కన్నా సుమారు 0.09 మి.మీ. ఎక్కువ లేస్తుంది. ఆ తేడాను ప్రతి రోజూ వేడెక్కినప్పుడూ చల్లారినప్పుడూ బోల్టే భరించాలి. సరైన సాగుడు లేని బోల్టు చల్లగా ఉన్నప్పుడు వదులుగా ఉంటుంది, వేడిలో హెడ్‌ను నలుపుతుంది.

మళ్లీ బిగించే విషయంలో నా మాట సూటిగా ఉంటుంది: మీ ఇంజనుకు వద్దు. పాత మెత్తని గాస్కెట్ మొదటి వేడికి ఇంకొంచెం నలిగేది, అందుకే వాటికి మాన్యువల్ చెప్పినట్టు ఒక్కొక్క బోల్టునే కొద్దిగా వదులు చేసి, తిరిగి పూర్తి అంకెకు తేవడం ఉండేది. రేకుల గాస్కెట్ అలా నలగదు, డిగ్రీల మీద సాగిన బోల్టును మళ్లీ తిప్పితే అది అంచు దాటిపోతుంది. "బిగుసుకుందో లేదో ఒకసారి చూద్దాం" అని టార్క్ రెంచ్ పెట్టడం కూడా వద్దు, ఆగి ఉన్న బోల్టు మీద వచ్చే క్లిక్‌కు అర్థం లేదు.

రెంచ్ మీద తమ్ముడి అనుమానం తీరాలంటే, దాన్ని కాలిబ్రేషన్‌కు (అంకె సరిగ్గా ఉందో లేదో సరిచూసే పరీక్షకు) పంపించండి. ఎన్.ఎ.బి.ఎల్. (లేబరేటరీలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న లేబరేటరీలో చేయించి, రాతపూర్వకంగా తీసుకోండి. క్లిక్ రెంచ్‌లకు నాలుగు శాతం అటూ ఇటూ ఉండడం మామూలు, ఏడాదికి ఒకసారి గానీ 5,000 బిగింపులకు ఒకసారి గానీ చూపించడం పద్ధతి. పని అయ్యాక దాన్ని కనీస అంకెకు తగ్గించి పెట్టెలో పెట్టండి, బిగుసుకున్న బోల్టులు విప్పడానికి మాత్రం ఎప్పుడూ వాడకండి.

హెడ్ ఈసారి విప్పేటప్పుడు ఇంజను పూర్తిగా చల్లారాక, బిగింపు క్రమానికి వెనకనుంచి, ఒక్కొక్క దశగా వదులు చేయండి. బండి మొదట ఎందుకు వేడెక్కిందో మీరు రాయలేదు. రేడియేటర్ లోపలి గొట్టాలు, థర్మోస్టాట్, వాటర్ పంపు రెక్కలు, ఫ్యాన్ ఇవన్నీ చూడకుండా హెడ్ మూస్తే, ఎన్నూరు రోడ్డు మీద కంటెయినర్ల వరసలో మే నెల మధ్యాహ్నం గంటసేపు ఆగిన రోజున, కొత్త గాస్కెట్ కూడా పాతదాని దారే పడుతుంది. కూలెంట్ నింపాక గాలి తీసి, ఇంజనును మెల్లగా వేడెక్కించి, పూర్తిగా చల్లారనిచ్చి, మరుసటి రోజు ఉదయం రేడియేటర్ మట్టం చూడండి. మట్టం తగ్గకుండా, మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు బుడగలు రాకుండా ఉంటే, బండి ఇచ్చేయవచ్చు. బోల్టుల పార్టు నంబరు, కొలిచిన పొడవులు, గాస్కెట్ గాట్ల సంఖ్య ఒక కాగితం మీద రాసి బండి ఫైలులో పెట్టండి, ఈ హెడ్ ఇంకెప్పుడైనా విప్పవలసి వస్తే మొదట వెతికేది ఆ కాగితమే.